పైనున్న నీ లైను

సుజాతక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. రోగుల్ని నంబరు వారీగా స్పీకర్లో పిలిచే టోకెన్ల ప్రోగ్రాం మనం రాసిచ్చిన విజయనగరం ఆసుపత్రికి ఇవాళ ఏదో రిపేరుందంటే నేనే వెళ్ళాను.

ప్రోగ్రాంలో అన్ని కౌంటర్లకీ పైనుండే పేరెంట్ క్లాసులో నువ్వు రాసిన "భాష: తెలుగు" అలాగే ఉంది. "ఒక్క కాడ రాస్తే సాలురా, కౌంటర్లన్నీ దాన్నే తెచ్చుకుంటాయి. మా అమ్మలాంటోళ్ళకి పిలుపు తెలవాలి కదేటి?" అనేదానివి. నువ్వు పోయిన నెలకే, ఇంగ్లీషైతే దర్జాగా ఉంటుందన్నాడు మన కొత్త మేనేజరు. నీ లైను జోలికి ఎవరూ పోలేదు. కింద కౌంటరుకొకటిగా ఉన్న ప్రతి చైల్డ్ క్లాసులోనూ "భాష: ఇంగ్లీషు" అని చేరింది, అంతే. కింద వేరేగా రాస్తే పైది చెల్లదని నేర్పింది నువ్వే.

నెల్లిమర్ల నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె పొద్దున్నుంచీ స్పీకరు కిందే కూర్చుంది. మధ్యాహ్నం కౌంటరు మూసేస్తుంటే నాకు చీటీ చూపించింది.

"నన్నెప్పుడు పిలిసినారు బాబూ? నాకేటీ తెల్నేదు."

ఆమె నంబరు ఎప్పుడో దాటిపోయింది.

నీ లైను మీద చెయ్యి వెయ్యలేదని ఏడాదిగా గొప్పగా చెప్పుకు తిరుగుతున్నాను. కింద ఏడు కౌంటర్లకీ ఇంగ్లీషు రాసిన చెయ్యి నాదే, అక్కా.