పైమంచం, కిందమంచం

అక్కా,

నీ ఉత్తరం అందింది. విడివిడిగా ఇవ్వలేని అన్నాచెల్లెళ్ళనైతే మీకు త్వరగా ఇస్తామని దత్తత ఆఫీసులో ఆవిడ చెబితే సంతోషంగా ఒప్పుకున్నాం. వాళ్ళకోసం ఒక గది సర్ది, పైమంచం, కిందమంచం చేయించాం. మా గురించి చుట్టాల్లో ఒకర్ని అడగాలని ఆవిడంటే నీ నంబరే ఇచ్చాను. నాకింకెవరున్నారు? నువ్వేమో ఆవిడతో, "ఎంతైనా పరాయి పిల్లలు సొంతవాళ్ళవుతారా అండీ? పైగా మా చెల్లికి ఓపిక తక్కువ" అన్నావట. ఆ పిల్లల్ని వేరేవాళ్ళకిచ్చేశారు.

నా మంచికే చెప్పానంటున్నావు. సరే.

ఇప్పుడు మీవాడు కాలేజీలో చేరుతున్నాడని, "ఆ గది ఖాళీయేగా, సొంత కొడుకులా చూసుకో" అని రాశావు. పిన్నీ పిన్నీ అంటూ నా కొంగు పట్టుకు తిరిగినవాడు, వాడంటే నాకు ప్రాణం. కానీ ఎంతైనా పరాయి పిల్లాడు కదక్కా. పైగా నాకు ఓపిక తక్కువ.

నీ చెల్లి