దొరసాని పలకలేని ఒత్తు

మాచర్ల,
జూలై 1946.

పెదకూరపాడులో ఉన్న మా కృపాదానం అన్నయ్యకు, చెల్లెలు వందనాలు చెప్పి రాయునది.

నన్ను పుట్టింటికి తీసుకుపొమ్మని పోయిన వారం రాసిన ఉత్తరం చింపెయ్యి. నా కోసం రైలెక్కి రావద్దు. ఎందుకో చెప్పేదాకా నా చెయ్యి ఆగేట్టు లేదు.

మా గుడికి కొత్తగా వచ్చిన దొరసాని మొన్న ఆదివారం మొదటిసారి తెలుగులో ప్రార్థన చేసింది. ఆమె ఒక్కో మాట చెబుతుంటే మేం వెనకే పలకాలి. "పరిశుద్ధాత్మా, మా మధ్యకు రమ్ము" అనాలి గదా. త కింద మ ఒత్తు నోరు తిరగక, "పరిశుద్ధ అత్తమ్మా, మా మధ్యకు రమ్ము" అంది. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని ఉన్న నేను మాత్రం ధ్యాసలో పడి ఆ మాటే గట్టిగా పలికేశాను.

రెండేళ్ల కిందట మా అత్తమ్మ నన్నేమందో నీకు తెలుసు. ఆనాటి నుంచి నేనామెను అత్తమ్మా అని పిలిచింది లేదు.

కళ్లు తెరిచేసరికి అత్తమ్మ ముందు వరసలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. "వచ్చాలేవే. ఏడవమాక," అంది. ఏడుస్తున్నది ఆమే.

ఆత్మ దిగిరావడమంటే ఏమిటో ఇన్నేళ్లూ నాకు తెలియలేదు అన్నయ్యా. ఆదివారం తెలిసింది.

దొరసాని తప్పు దిద్దబోయిన పాస్టరుగారికి అత్తమ్మ అడ్డం పడింది. "ఇంకో నాలుగు వారాలు అట్టాగే అననీయండయ్యా. మాట్టాడుకోని అత్తాకోడళ్లు ఈ ఊళ్లో ఇంకా చానామంది ఉండారు," అంది.

నీ చెల్లెలు.