బుట్టలో పచ్చికాయలు

వెనాస్క్,
జూన్ మూడు

ఒనోరీన్ వదినా,

చెర్రీలు పండాయి, కొండ మీద మబ్బు పట్టింది. వానకు పండ్లు పగలకముందే కోసేయాలి, వెంటనే రండి. ఇంతవరకు మీ తమ్ముడు లెయోన్స్ రాయమన్నదే.

ఆయనకు చూపు తగ్గింది వదినా. వారంగా ఆయన బుట్టలో సగం పచ్చికాయలే. ఆయనకు తెలియకుండా ఏరేస్తున్నాను. నిన్న మధ్యాహ్నం నిచ్చెన మెట్టు తప్పి కొమ్మకు వేలాడారు. "తడికి జారిందిలేవే" అన్నారు. మెట్టు పొడిగానే ఉంది.

ఈ ఉదయం నిచ్చెనకు అడ్డం నిలబడ్డాను.

"తప్పుకో! వానొస్తే ఏడాది కష్టం నేలపాలు!" అని కసిరారు.

ఒక కాయ చూపించి, "ఇది పండిందో లేదో చెప్పి ఎక్కండి" అన్నాను.

చాలాసేపు చూశారు. వేళ్లతో నొక్కారు. తర్వాత బుట్ట నా నడుముకు కట్టి, "నువ్వెక్కు. నేను పట్టుకుంటా" అన్నారు.

రోజంతా నేనే కోశాను. ఆయన కింద నిచ్చెన వదల్లేదు.

డాక్టరు దగ్గరికి నేను పిలిస్తే రారు, మీరు పిలిస్తే కాదనలేరు. కోతకే వచ్చినట్టు రండి.

ఇప్పుడే వచ్చి ఏం రాశావని అడిగారు. చెర్రీల సంగతి వరకే చదివి వినిపించాను. ఎప్పుడూ ఉత్తరం లాక్కుని చదివే మనిషి, కాగితం కోసం చెయ్యి చాపలేదు.

మీ మరదలు