నాలుగో ఇన్‌స్పెక్షన్‌కి ముందు రోజు

హెర్న్‌డన్,
26 అక్టోబర్ 2025, ఆదివారం.

గ్యారేజీలో కొలువై ఉన్న శ్రీవారు ఫణి గారికి, అదే ఇంట్లో గోడకి ఇవతల వంటింట్లోంచి నమ్రత నమస్కరించి రాయునది.

నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమేనని స్పానర్ చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. హంసిక కాలేజీలో కులాసాగా ఉంది. పొద్దున ఫోన్ చేసి, రేపు డాడీ కార్‌కి మళ్ళీ టెస్ట్ కదా, పాస్ అవకపోయినా ఇట్స్ ఓకే అని చెప్పు మమ్మీ అంది. చెప్పమన్నది కాబట్టి చెబుతున్నాను.

ఒకే కప్పు కింద ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. మాట్లాడదామని వస్తే నువ్వు కారు కిందకి దూరతావు, నాకు నీ బూట్లు మాత్రమే కనిపిస్తాయి. వాట్సాప్‌లో పెడితే బొటనవేలి బొమ్మ పెడతావు. మొన్న మా టీమ్ బాతెల్‌కి మారే సంగతి అంత పొడుగు మెసేజ్ రాస్తే దానికీ అదే బొటనవేలు. ఉద్యోగంతోపాటు వెళ్ళమన్నావో, మానమన్నావో, అసలు చదివావో లేదో ఆ వేలిని చూసి ఎలా తెలుసుకోను? అందుకని కాగితం తీశాను. తెలుగు రాసి చాలా ఏళ్ళయింది, ఒత్తులు ఎటుపోయినా సర్దుకుని చదువుకో.

హంసిక హైస్కూల్లో చేరిన ఏడాది మన ఇంటి ముందు లారీ ఆగి చెక్కపెట్టెలు దింపి వెళ్ళింది. లోకమంతా షోరూమ్‌కి వెళ్ళి కారు కొనుక్కుంటుంది. నువ్వు విడిభాగాలు కొని, మిగతాది నేనే బిగించుకుంటాను అన్నావు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దవాళ్ళు. కారు కట్టి చూడు అని కూడా అనేవాళ్ళే, వాళ్ళకి నువ్వు తెలియదు. పెట్టెలు విప్పిన రోజే నేను అడిగాను, ఇంట్లో ముగ్గురం ఉంటే రెండు సీట్ల కారేమిటని. పిల్ల ఎలాగూ కాలేజీకి వెళ్ళిపోతుంది, తర్వాత మనిద్దరమే కదా అన్నావు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. పైకి మాత్రం మూతి ముడుచుకుని వెళ్ళిపోయాను.

ఇక అసలు విషయం. నిరుడు ఉగాది మర్నాడు డైనింగ్ టేబుల్ దగ్గర నేను నీతో ఒక మాట అన్నాను. నాకు అలసటగా ఉంది ఫణీ, కొన్నాళ్ళు వేరేగా ఉండి చూస్తాను అన్నాను. నువ్వు తాగుతావనీ కాదు, తిడతావనీ కాదు. నువ్వు మంచివాడివే. మర్యాదస్తుడైన అద్దెదారు ఎలా ఉంటాడో అలా ఉంటావు. ట్రాష్ డబ్బా వేళకి బయట పెడతావు, గొంతు పెంచవు. కూర బాగుందని అనవు, బాగాలేదనీ అనవు. ఇరవై ఏళ్ళుగా గోడతో షటిల్ ఆడుతున్నట్టుంది నాకు. ఆ రోజు నా మాటకి నువ్వు తల దించుకుని, ఇన్‌స్పెక్షన్ అయిపోనీ నమ్రతా, తర్వాత తీరుబడిగా కూర్చుని మాట్లాడుకుందాం అన్నావు. సరే, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని చూసి ఇన్‌స్పెక్షన్ స్టేషన్ వాళ్ళు ఒక స్టిక్కర్ అంటించాలి, అంతేగా, ఒకటి రెండు నెలలు అనుకున్నాను.

అప్పటినుంచి ఈ ఇంట్లో అన్నీ ఇన్‌స్పెక్షన్ అయ్యాకే. ఇంటి వెనక డెక్ చెక్కలు పుచ్చిపోయాయంటే ఇన్‌స్పెక్షన్ అయ్యాక. పిల్ల హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కి నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్దామంటే ఇన్‌స్పెక్షన్ అయ్యాక. నా మాట కూడా వాటి వెనకే క్యూలో నిలబడింది.

మొదటిసారి వెళ్ళేసరికే ఆకులు రాలే కాలం వచ్చింది. నంబర్ ప్లేట్లు లేని కారు రోడ్డెక్కకూడదు కాబట్టి నీ స్నేహితుడు సాయి తేజ ఆఫీస్‌కి సెలవు పెట్టి తన పికప్ ట్రక్ తెచ్చాడు, దాని వెనక అద్దె ట్రైలర్, ట్రైలర్ మీద నీ కారు. శాన్ రామన్ నుంచి మీ జ్ఞానప్రసూన అత్తయ్య ఫోన్ చేసి, అబ్బాయి మంచి పని మీద బయల్దేరుతున్నాడు, నువ్వు ఎదురు రా అమ్మా అన్నారు. పెద్దావిడ మాట కాదనడమెందుకని మంచినీళ్ళ జగ్గు పట్టుకుని మెయిల్‌బాక్స్ దగ్గర్నుంచి ఎదురొచ్చాను. పక్కింటావిడ కుక్కతో ఆగిపోయి, ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే అని అడిగింది. ఆవిడకి శకునం గురించి ఇంగ్లిష్‌లో చెప్పే తెలివి నాకు లేక, మొక్కలకి నీళ్ళు అన్నాను. ఆ రోజు హెడ్‌లైట్లు మరీ పైకి చూస్తున్నాయనీ, టైర్లు మడ్‌గార్డుల్లోంచి బయటికొచ్చాయనీ ఫెయిల్ చేశారు. అవి నిజంగా ఉన్న లోపాలే. నువ్వు ఆ చలికాలమంతా కూర్చుని సరిచేశావు.

మార్చిలో మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ నేనే ఎదురొచ్చాను. ఈసారి హారన్ మోగలేదు. ముందు రోజు వీధి చివరిదాకా మోగి, మన కాలనీ హెచ్.ఓ.ఏ. వాళ్ళ చేత ఫిర్యాదు ఈమెయిల్ పంపించిన హారన్ అది. ఇన్‌స్పెక్టర్ పెద్దాయన పాపం, ఇక్కడే విప్పి చూద్దామా అంటే, వద్దు, ఇంటికెళ్ళి చూసుకుంటానని నువ్వే అన్నావట. సాయి తేజ చెప్పాడు. ఆ సాయంత్రం అత్తయ్య గారు స్పీకర్‌లో, ఎవర్రా ఎదురొచ్చింది అని అడిగారు. నమ్రతే అన్నావు. ఓహో అన్నారు. ఈసారికి సాయి తేజ వాళ్ళావిడ వేదని ఎదురు రమ్మను, మీ ఆవిడని లోపలే ఉండమను నాయనా అన్నారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, హారన్ మోగకపోతే తప్పు నా మొహానిదైంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఫణీ. నువ్వు నిమ్మకు నీరెత్తినట్టు చక్రానికి నట్లు బిగిస్తూ కూర్చున్నావు.

జులైలో మూడోసారి వేదే ఎదురొచ్చింది, పట్టుచీర కట్టుకుని మరీ. నన్ను ఇంట్లో ఉంచితే ఏ కిటికీలోంచి కనిపిస్తానోనని ట్రక్‌లో మీతోపాటే ఎక్కించారు. కూడా వెళ్ళేవాళ్ళు ఎదురు కిందికి రారని అత్తయ్య గారి తీర్పు. అప్పుడేమో బ్రేక్ లైట్లు వెలగలేదు. వేదని ఎవరూ ఒక్క మాట అనలేదు. ముహూర్తం మంచిది కాదన్నారు.

ఇన్ని జరిగాక నీ కారంటే నాకు అసహ్యం పుట్టాలి. పుట్టలేదు, అదే విచిత్రం. పదునుగా ఉన్న ప్రతి అంచుకీ నువ్వు రబ్బరు తొడిగావు. బిగించిన ప్రతి బోల్టు మీదా గుర్తుకి ఒక పసుపు రంగు చుక్క పెట్టావు. మన గడపకి నేను ఏ పండక్కీ అంత శ్రద్ధగా బొట్లు పెట్టలేదు. మనుషుల విషయంలో ఈ శ్రద్ధ ఎక్కడికి పోతుందో అడగాలనిపిస్తుంది, అడిగితే నువ్వు మళ్ళీ కారు కిందకి దూరతావు.

పోయిన శనివారం బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలన్నావు. ఒకరు లోపల పెడల్ నొక్కాలి, ఒకరు కింద చక్రం దగ్గర మర విప్పాలి. నేను సీట్లో కూర్చున్నాను. నువ్వు కనిపించవు, నీ గొంతు మాత్రం వినిపిస్తుంది. నొక్కు. పట్టుకో. వదులు. మళ్ళీ నొక్కు, పట్టుకో, వదులు. మధ్యాహ్నమంతా మన సంభాషణ అదే. నా కాలు లాగేస్తోంది, అయినా లేవాలనిపించలేదు. నేను నొక్కితేగానీ నువ్వు విప్పవు, నువ్వు బిగిస్తేగానీ నేను వదలను. చాలా రోజుల తర్వాత నొక్కాను అనే నా జవాబు కోసం నువ్వు ఆగి విన్నావు. పనైపోయాక థాంక్స్ అని చేతులు తుడుచుకుని వెళ్ళిపోయావు. నేను ఆ సీట్లోనే కాసేపు ఉండిపోయాను.

నా సంగతి ఇది. మా టీమ్ మొత్తం దేశానికి ఆ చివరున్న బాతెల్‌కి మారుతోంది. జనవరిలో చేరాలి. వస్తావా రావా అని మేనేజర్ ఇప్పటికే గడువు పొడిగించాడు, శుక్రవారం ఆఖరు. ఇల్లు మారే ఖర్చులు కంపెనీ వాళ్ళే చూసుకుంటారు. ఇద్దరికి అపార్ట్‌మెంట్ చూడాలా, ఒక్కరికా అని హెచ్.ఆర్. అమ్మాయి అడిగింది. ఇంట్లో కనుక్కుని చెబుతానన్నాను. ఇంట్లో ఎవరిని కనుక్కోను? రేపు నీ కారు పాసైనా ఫెయిలైనా శుక్రవారం నేను ఏదో ఒకటి రాసి పంపాలి. ఈ ఇంట్లో ఇన్‌స్పెక్షన్ అయ్యాక అనే మాట ఇంకొక్కసారి వినే ఓపిక నాకు లేదు.

రేపటికి కావలసినవన్నీ సర్దాను. విడిభాగాల రసీదుల ఫైల్ హాల్లో టీపాయ్ మీద ఉంది. రాహుకాలం వెళ్ళాక బయల్దేరితే చాలని సాయి తేజకి చెప్పాను, వాడు నవ్వాడు. పులిహోర కలిపి డబ్బాల్లో పెడతాను, ఆ ఇన్‌స్పెక్టర్ గారికి కూడా ఒకటి. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. వేదని రావద్దన్నాను. ఎవరూ ఎదురు రానక్కర్లేదు.

ఒంట్లో జాగ్రత్త. ఆ సిమెంటు నేల మీద చాప లేకుండా పడుకోకు, నడుం పట్టేస్తుంది.

ఇట్లు,
ఇంకా నీ భార్యే అయిన,
నమ్రత

తా.క.: సంతకం పెట్టి లేచాను. ఈలోగా నువ్వూ సాయి తేజా ట్రైలర్ తేవడానికి వెళ్ళారు. రాయకుండా వదిలేద్దామనుకున్న సంగతి ఒకటుంది, అది కూడా రాసేస్తున్నాను.

జులైలో మూడోసారి వెళ్ళిన రోజు పొద్దున నీకు కాఫీ పట్టుకుని గ్యారేజీ తలుపుదాకా వచ్చాను. నువ్వు నన్ను చూడలేదు. డాష్‌బోర్డు కింద ఫ్యూజుల డబ్బా మూత తీసి, ఒక ఫ్యూజు పీకి, కాసేపు దానివైపే చూసి చొక్కా జేబులో వేసుకున్నావు. మూత మళ్ళీ పెట్టేశావు. నేను వెనక్కి వెళ్ళి కాఫీ సింక్‌లో పారబోశాను. తర్వాత స్టేషన్‌లో ఆ పెద్దాయన బ్రేక్ లైట్లు రావడం లేదంటే నువ్వు ఆశ్చర్యపోయావు చూడు, ఎంత చేతకాని నటనో. మార్చిలో హారన్ ఎందుకు మోగలేదో కూడా నాకు అప్పుడే అర్థమైంది.

కారు పాసైతే కూర్చుని మాట్లాడుకోవాలి. మాట్లాడుకుంటే నేను వెళ్ళిపోతాను. అదీ నీ భయం. వెళ్ళొద్దని అనలేక, చేతులారా కట్టుకున్న కారుని చేతులారా ఫెయిల్ చేయించుకున్నావు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. మీ అత్తయ్య నన్ను అపశకునం చేస్తుంటే, అసలు కారణం నీ జేబులో పెట్టుకుని నోరు విప్పలేదు నువ్వు. అది నేను అంత తేలిగ్గా మరిచిపోను. కానీ ఆ రోజు తిరిగొస్తూ ట్రక్‌లో నేను నీ భుజం మీద నిద్రపోయాను. ఎన్నో నెలల తర్వాత పట్టిన నిద్ర అది. నన్ను ఉంచుకోవాలని ఒక మనిషి ఇన్ని పాట్లు పడుతున్నాడని తెలిసి పట్టిన నిద్ర. అందుకే ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు.

ఇప్పుడు నీ కారులో కూర్చుని అన్నీ వేసి చూశాను. బ్రేక్ పెడల్‌కీ సీట్‌కీ మధ్య చీపురుకర్ర ఇరికించి వెనక్కి వెళ్ళి చూశాను. అన్నీ వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. నువ్వు ఇంకా ఏదీ తియ్యలేదు. తీస్తే రేపు పొద్దున తీస్తావు.

ఈ ఉత్తరం మడిచి ఆ ఫ్యూజుల డబ్బా మూత కింద పెడుతున్నాను. నువ్వు మూత జోలికి పోకపోతే ఇది నీకు అందదు. కారు పాసవుతుంది, సాయంత్రం మనం కూర్చుంటాం, నేను దీన్ని తీసి చించేస్తాను. చదువుతున్నావంటే మాత్రం మూత నీ చేతిలో ఉన్నట్టే. ఏదీ పీకకు ఫణీ. పీకితే ఇన్‌స్పెక్టర్‌కి నేనేమీ చెప్పను, శుక్రవారం ఒక్కదానికే అపార్ట్‌మెంట్ చూడమని రాసేస్తాను. మూత పెట్టేసి లోపలికి రా. వెళ్ళొద్దనో, నేనూ వస్తాననో, ఏదో ఒకటి నోటితో అను. నేను వంటింట్లోనే ఉంటాను.