పొయ్యి నోరు ఎటుంది?

జబల్ అఖ్దర్ కొండ
2007 డిసెంబరు

మాలకొండా,

నేనిక్కడ వణుకుతూ రాస్తున్నాను, నువ్వక్కడ నవ్వుతూ చదువు. గల్ఫుకు పోయేవాడికి స్వెట్టరెందుకే అని నీ చేతిలోంచి లాక్కుని బీరువాలో కుక్కి వచ్చిన మొనగాణ్ణి నేనే కదా! బర్కా తోటలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట నిజమే. అక్కడి ఎండకు చెప్పులు మెత్తబడేవి. ఇప్పుడు మా యజమాని నాసర్, ఇక్కడ అర్బాబ్ అంటారు, నన్నూ బాషానూ కారెక్కించి, నిజ్వా దాటించి ఈ కొండమీద దింపాడు. పొద్దున చూస్తే బకెట్లో నీళ్ళమీద మంచు పెంకు. బాషా దాన్ని వేలితో పొడిచి, "పెద్దాయనా, గలుపంటే ఎండలనిరి గదా, ఇదేందబ్బా!" అన్నాడు. నాతో పనిచేసే కడప పిల్లోడు. వాడి పెళ్ళాం హుస్నా బర్కాలోనే ఒకరింట్లో వంట చేస్తుంది. ఒకే దేశంలో ఉన్నా నెలకోసారి చూసుకుంటే గొప్ప.

ఫోను చేయొచ్చు కదా అని కోడలంటుందేమో. అరిచి అరిచి నా గొంతు పోతుందిగానీ నీ చెవికెక్కదు. పైగా అరిచే మాటలు వేరు, రాసే మాటలు వేరు. పొగాకు బేళ్ళకు చుట్టిన పాత పేపర్లమీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి, నీకూ నేర్పినవాణ్ణి. ఆ కష్టం ఇప్పుడన్నా అక్కరకు రానీ.

సంగతేమిటంటే, అర్బాబ్‌కు ఇక్కడో ప్లాస్టిక్ ఇల్లుంది. ఇనప కమ్ములు వంచి పైన ప్లాస్టిక్ కప్పారు. లోపల టమాటా, కీర. పోయినేడు చలికి అన్నీ నల్లబడి చచ్చాయట. ఈసారీ పోతే తోట మూసేస్తానన్నాడు. కరెంటు హీటరు పెడితే ఊరి దీపాలన్నీ గుడ్డివవుతున్నాయి. నేనూరుకోలేకపోయాను. "పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు పొయ్యి కాసినవాణ్ణి, మొక్కలకు వేడెంతో, ఆకుకు వేడెంతో నాకు తెలుసు" అని వచ్చీరాని హిందీలో కోతలు కోశాను. డీజిల్ డ్రమ్ము కోసి పొయ్యి చేశాను. రేకు గొట్టం మన బ్యారన్లో లాగే లోపలంతా తిప్పి, చివర పైకి లేపాను. సందులన్నీ బురదతో, గోనెపట్టాలతో మూశాను. ఒక్క చిన్న మార్పు చేశాలే, అది ఇంటికొచ్చాక చెబుతాను, మెచ్చుకుందువుగాని.

మొక్కలు కళకళలాడుతున్నాయి. అర్బాబ్ నన్ను 'ఉస్తాద్' అంటున్నాడు. మా రేకుల గది ఐసుపెట్టె, అందుకని నేనూ బాషా ఆ ప్లాస్టిక్ ఇంట్లోనే పొయ్యి ముందు పడుకుంటున్నాం. ఒక పిల్లి కూడా మాతో చేరింది. పాపం, నిన్న పొద్దున అది లేవలేదు. ముసలిదేమో.

నీ ఉస్తాద్,
అంకయ్య

*

జబల్ అఖ్దర్
2008 జనవరి, పొద్దుగూకే వేళ

మాలకొండా,

నీ జాబు అందింది. కొండ కిందికెళ్ళిన అర్బాబ్ తెచ్చిచ్చాడు. ఆత్రంగా చింపితే ఏముంది? నేనన్ని పేజీలు రాస్తే నువ్వు రాసింది ఒక్క ముక్క. "పొయ్యి నోరు ఎటుంది?" తిన్నావా లేదు, చలికి మోకాళ్ళెలా ఉన్నాయి లేదు. పొయ్యి నోరు ఎటుందట! నా పనిని తూకం వేయడానికి నువ్వేమన్నా పొగాకు బోర్డు ఆఫీసరువా? బ్యారన్ కూల్చి అక్కడ పెట్రోలు బంకు కట్టిన రోజు, "ఇంక నీ పొయ్యితో ఎవరికి పని అంకయ్యా" అని దాని ఆసామి నాయుడు నలుగురిలో నవ్వాడు. నీ ముందు తేలిగ్గా తీసిపారేశాను. తీసిపారేయలేదే. ఆ నవ్వు మోసుకునే ఇంతదూరం వచ్చాను. ఇప్పుడు నువ్వూ అదే పొయ్యిని పట్టుకున్నావు.

కోపంలో ఉన్నాను కాబట్టి ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఎండాకాలానికి వచ్చేస్తానన్నాను కదా, రావడం లేదు. ఇంకో రెండేళ్ళకు కాగితంమీద సంతకం పెట్టాను. నిన్నడగలేదు. డబ్బుక్కాదు. ఉస్తాద్ అని పిలిపించుకోవడానికి. నవ్వుకో. ఈ మొక్కలు చలి దాటితే కాగితం ఖాయం, మాడిపోతే తోటా లేదు, నేనూ లేను.

ఆ చిన్న మార్పు కూడా విను. పొయ్యి నోరు లోపలికే పెట్టాను. బయట ఈదరగాలి ప్రాణం తోడేస్తుంటే కట్టె ఎగదోయడానికి మాటిమాటికీ ఎవడు వెళతాడు? పొగకు ఆకు రంగు మారుతుందని కట్టెలు మానేసి బొగ్గులే వేస్తున్నాను. వేడి గొట్టంలోంచి పోకుండా చివర ఇటుకముక్క అడ్డం పెట్టాను. పొగ లేదు, వాసన లేదు. ఈరోజు చలి మరీ ఎక్కువ, అందుకని నిండా పోసి, తలుపు తాడుతో బిగించాను.

బాషా మధ్యాహ్నం నుంచీ ఇక్కడ పొయ్యి ముందు పడుకునే ఉన్నాడు. పొద్దున కక్కాడు. "పెద్దాయనా, తల పగలతాండాది, ఈ పొయ్యి నాకు పడలే" అన్నాడు. "పని చెప్తే మీ కడపోళ్ళకందరికీ ఇంతేనా" అన్నాను. "ఔ, నువ్వు దీన్నే పెండ్లి చేసుకో" అని అటు తిరిగాడు. నాకూ కణతలు లాగుతున్నాయి. చలికి అందరికీ ఉంటుంది.

ఏం రాస్తున్నాను? ఆ, పొయ్యి. మన బ్యారన్ దగ్గర నువ్వు కర్రలకు ఆకు అల్లి అల్లి, చేతుల జిగురు కడుక్కోకుండానే నాకు సద్ది తెచ్చేదానివి. పొయ్యి నోటి ముందు కూర్చునేవాళ్ళం. నువ్వు మాటమధ్యలో నిద్రపోయేదానివి. ఇప్పుడు నాకూ అలాగే ఉంది, పెన్ను బరువెక్కింది. అక్కడ నెత్తిన చుక్కలు కనిపించేవి. అంటే మనం బయట కూర్చున్నాం. నోరు బయటికుండేది. లోపల మనిషికి చోటు లేక అలా కట్టారనుకున్నాను ఇన్నేళ్ళూ. మరి ఆకు దించే రోజు నువ్వు నా చొక్కా ఎందుకు పట్టుకునేదానివి? "ఆగు, తలుపులు తీశారుగా, ముందు లోపలి గాలి పోనీ" అని. ఎందుకు

బాషాను పిలిచాను. పలకలేదు. కాలితో తట్టాను. కదల్లేదు.

పిల్లి పడుకున్నదీ అక్కడే.

మాలకొండా, నోరు

*

నిజ్వా
2008 జనవరి

మాలకొండా,

బతికే ఉన్నాను, ముందది చదువు. సంతకం లేని పై ఉత్తరం విడిగా వస్తే నువ్వేమైపోతావోనని రెండూ ఒకే కవర్లో పెడుతున్నాను.

ఆ మాట దగ్గర పెన్ను జారింది. లేద్దామంటే కాళ్ళు నావి కావు. పాక్కుంటూ తలుపు దగ్గరికెళితే, నేనే బిగించిన తాడు నా వేళ్ళకు ఊడిరాలేదు. కొడవలి అందింది. ప్లాస్టిక్‌ను పైనుంచి కిందికి చీల్చాను. చలి మొహాన కొట్టింది. అంత రుచైన గాలి నేనెప్పుడూ పీల్చలేదే. తిరిగి లోపలికెళ్ళి బాషాను రెండు కాళ్ళూ పట్టి లాగాను. దారిలో ఎన్ని కీర పాదులు తెగాయో తెలియదు. వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో చూడ్డానికి చెవి ఆనించాను, నా గుండే వినిపించింది. తర్వాత వాడి గొంతులో చిన్న గురక. నేను అరిచిన అరుపు నీక్కూడా వినిపించి ఉండాలి. అర్బాబ్ పరుగెత్తుకొచ్చాడు. కారులో కొండ దిగుతున్నంతసేపూ వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని, "ఒరే, తిట్టరా, ఒక్క మాట తిట్టరా" అంటూనే ఉన్నాను.

బొగ్గుల విషగాలి పట్టింది, దానికి వాసనుండదు అని ఆస్పత్రిలో చెప్పి ఆక్సిజన్ పెట్టారు. రెండో రోజు కళ్ళు తెరిచాడు. హుస్నా బర్కా నుంచి బస్సులో వచ్చి, నన్ను కిందినుంచి పైకి చూసి, "ఏం మామా, నీ మొక్కలకు చలేస్తే నా మొగునికి పొగబెడితివా?" అంది. నువ్వు అడిగినట్టే ఉంది. బాషా మూతి మీది గొట్టం పక్కకు జరిపి, "పెద్దాయనా, మొక్కలు ఏమాయె?" అన్నాడు.

"అన్నీ నల్లబడ్డాయిరా."

"అట్లయితే రేపు నీళ్ళు కట్టే పన్లేదులే" అన్నాడు. హుస్నా కొట్టినంత పని చేసింది.

అర్బాబ్‌కు దాచకుండా చెప్పాను, తప్పు చలిది కాదు, నాదని. "ప్లాస్టిక్ బజారులో దొరుకుతుంది" అన్నాడాయన. మళ్ళీ నారు పోద్దాం, పొయ్యి మళ్ళీ కట్టు అన్నాడు. కడతాను, కానీ ఆ రెండేళ్ళ కాగితం చించేయమన్నాను. ఎందుకన్నాడు. "నాకంటే పెద్ద ఉస్తాద్ ఇంటి దగ్గరుంది" అన్నాను. నవ్వాడు. చించాడు.

నిన్న కొండెక్కి పొయ్యి కట్టేసి, బాషాను చూద్దామని మళ్ళీ దిగాను. గొట్టానికి అడ్డం లేదు, పైన కిటికీ పెట్టాను. లోపల ఎవరూ పడుకోరు. రేకుల గదికి అర్బాబ్ చిన్న కరెంటు హీటరు తెచ్చాడు. బాషా లేచి తిరగ్గానే వాడికి మంట పెట్టడం నేర్పి, కొత్త నారు నిలదొక్కుకోగానే బయల్దేరతాను. సద్ది కట్టి ఉంచు.

నిన్న మంట పెట్టి దాని ముందు కాసేపు కూర్చున్నాను. వీపుకు చలి, మొహానికి వెచ్చన. నీకు తెలుసుగా ఎలా ఉంటుందో. పక్కన ఒక మనిషి కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

నువ్వు అడిగింది ఒక్క ముక్క గనక జవాబూ ఒక్క ముక్కే. బయటికి.

నీ
అంకయ్య