బరువు చూసి కొన్న పవర్ సప్లై

ఆగస్టు 12, మంగళవారం. సాయంత్రం 7:40

కంప్యూటర్ మళ్ళీ ఆరిపోయింది. శత్రువుల ట్యాంకులు రెండే మిగిలాయి, మావి మూడు. గురి పెట్టాను. టక్. తెర నల్లబడింది, కాలిన వాసన. ఈ నెలలో ఇది మూడోసారి.

వెంటనే కదం ఫోన్. వరసకు బావమరిది, ఆటలో మా జట్టు నాయకుడు.

"బావా, ఇరవై నాలుగో తేదీ ఆదివారం ఖీవా ఊరి జట్టుతో ఆట. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి పలావు వండి పెట్టాలి. ఆలోగా నీ డబ్బా బాగుపడకపోతే నీ చోట్లో ఇంకొకర్ని పెట్టుకుంటా. అక్కతో సిఫారసు చేయించకు."

మూడేళ్ళుగా ఆ చోటు నాది. వారమంతా ఆఫీసులో భూముల కొలతల కాగితాలతో కుస్తీ పడేది ఈ ఆట కోసమే. వదులుకోను.

తప్పెక్కడుందో తెలుసు. కిందటి నెల పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై మాత్రం ఆరేళ్ళ నాటిది. పాపం, అది మోయలేకపోతోంది.

తీర్మానం:
1. ఎన్ని వాట్లు కావాలో నేనే లెక్క కట్టాలి.
2. ఎవరి మాటా వినకూడదు.
3. పేరూ గ్యారంటీ లేని సరుకు ముట్టకూడదు.
4. వారంలో కొనెయ్యాలి.

ఇంత తేలికైన తీర్మానం జన్మలో చేయలేదు!

ఆగస్టు 13

కార్డుకి 250. ప్రాసెసర్‌కి 120. ఫ్యాన్లూ మిగతావీ కలిపి 60. మొత్తం 430 వాట్లు. కాస్త వెసులుబాటు ఉంచితే 650. టీ చల్లారకముందే తేలిపోయింది!

నా భార్య జులైఖాకి చూపించాను.

"అయితే రేపే కొనెయ్యండి."

ఆమెకు ఈ లోకం తెలియదు. ముందు చదవాలి.

ఆగస్టు 15

సాయంత్రం 5:00. పవర్ సప్లైలకు కుస్తీ పోటీల్లోలాగా పతకాలున్నాయట. కంచు, వెండి, బంగారం. కంచుతో సరిపెట్టుకునే మనిషినా నేను? బంగారమే. 750 వాట్లు.

6:00. వచ్చే ఏడాది కార్డులకు ఇంకా ఎక్కువ కావాలట. 850.

6:30. వెయ్యి.

జులైఖా కాగితం చూసింది. "మా నాన్న వాళ్ళ వీధి వీధంతా కలిపి ఇంత కాల్చదు."

ఆగస్టు 17

నలభై ఒక్క వీడియోలు. ఒకడు చెప్పింది ఇంకొకడు తప్పంటాడు. ఇద్దరూ అబద్ధాలాడుతున్నారని మూడోవాడు.

చివరికి తేల్చాను. 650 వాట్లు, బంగారు పతకం, ఏడేళ్ళ గ్యారంటీ. అవును, మొదటి రోజు అంకే. దీన్ని ఆలస్యం అనరు, పరిశోధన అంటారు. మంగళవారం కొంటాను.

ఆగస్టు 19, మంగళవారం

ఉదయం 8:00. మామయ్యగారు దిగారు. మత్కరీం గారంటే మా ఉర్గెంచ్ ఊరి బజారులో ఖర్బూజాలు అమ్మే ప్రతివాడికీ తెలుసు. బండి నిండా కాయలు.

"ఎక్కడికి బయల్దేరావు అల్లుడూ?"

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"నేనూ వస్తా. నలభై ఏళ్ళుగా చేత్తో ఎత్తి బరువు చెబుతున్నా. నన్ను మోసం చేసే కొట్టువాడు ఇంకా పుట్టలేదు."

పిల్లనిచ్చిన మనిషిని రావద్దంటామా? ఫరవాలేదు. రెండో నియమం మాట గురించి, తోడు గురించి కాదు.

మధ్యాహ్నం 1:00. కొట్లో ఆరు పవర్ సప్లైలు వరసగా పెట్టించారు. ఒక్కోదాన్ని ఎత్తారు, వేలి కణుపుతో తట్టారు, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. నేను ఎంచుకున్నదాన్ని పక్కకు నెట్టేశారు.

"దీన్నిండా గాలే."

చివర్న ఉన్న పేరులేని నల్ల డబ్బా ఎత్తగానే ఆయన ముఖం విప్పారింది. "ఇదీ కాయంటే."

"పెద్దాయనది ఎంత అనుభవమున్న చెయ్యో," అని కొట్టువాడు వంత పాడాడు.

"మామయ్యగారూ, దీనికి గ్యారంటీ లేదండీ..."

"ఖర్బూజాకి గ్యారంటీ ఎవడిస్తాడయ్యా?"

ఆయనే కొని కానుకగా నా చేతుల్లో పెట్టారు. కళ్ళలో ఎంత సంతోషమో. "సరే మామయ్యగారూ" అనేశాను.

ఆగస్టు 20

బిగించాను. వెలిగింది! ఆలోచిస్తే బరువులో శాస్త్రం ఉంది. రాగి ఎక్కువుంటే బరువు ఎక్కువ. వీడియోల వాళ్ళు ఒక్కరైనా చేత్తో ఎత్తి చూశారా?

మూడో నియమానికి సవరణ: పెద్దలిచ్చిన కానుకలకు వర్తించదు.

ఆగస్టు 22

సాధన ఆట. ఇరవై నిమిషాలు రాజులా ఆడాను. టక్. నలుపు.

"బావా," అన్నాడు కదం, "నువ్వు ఆడొద్దు. ఉల్లిపాయలు తరుగు."

ఆగస్టు 23, శనివారం

నిన్నటి నుంచి తీగ పీకి ఉంచి, ఇవాళ డబ్బా మరలు విప్పాను. లోపల సిమెంటు పలక. అరచెయ్యంత. జిగురుతో అంటించి ఉంది. అసలు సామాను ఓ మూల అగ్గిపెట్టెంత.

జులైఖా పలక మీద వేలు పెట్టి చూసింది. "నాన్నకి చెప్పకండి. ఆ చేతి మీదే ఆయన మమ్మల్నందర్నీ పెంచాడు," అంది.

నాకూ చెప్పాలని లేదు. కొట్టుకు పరిగెత్తాను. బంగారు పతకందీ అమ్ముడైపోయింది. జట్టులో నా చోటు పోయినట్టే. దారిలో నిజంగానే ఏడుపొచ్చింది.

ఆగస్టు 24, ఆదివారం

ఉదయం 9:00. తన కానుక ఎలా పనిచేస్తోందో చూద్దామని మామయ్యగారు వచ్చారు. సిమెంటు పలక బల్ల మీదే ఉంది. దాయడం మర్చిపోయాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. విప్పి ఉన్న డబ్బా వంక చూశారు. అడగాల్సిన అవసరం రాలేదు.

"తొమ్మిది వందల గ్రాములు," అన్నారు.

ఆయన బండిలోని త్రాసులో తూచాను. సరిగ్గా తొమ్మిది వందలే.

పలకని తిరిగి బల్ల మీద పెట్టారు. "కోతకి ముందురోజు నేనూ తోటకి నీళ్ళు పెట్టేవాణ్ణి అల్లుడూ. కాయ బరువు తూగుతుందని. రుచి చస్తుందని తెలిసే పెట్టేవాణ్ణి. చాలామంది తిన్నారు నా నీళ్ళు."

టీ పోశాను.

"నీకు తెలుసుగా ఇది మంచిది కాదని. మరి నా మాటెందుకు విన్నావు?"

"మీరు మామయ్యగారు కదండీ."

ఆయన తల వంచుకుని నవ్వారు. నాకు ఆయన మీద ఇంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రం 6:00. కదం ఇంట్లో ఆట. అన్నట్టే కదం నా చోట్లో ఇంకొకర్ని పెట్టాడు, అరువు తెచ్చిన కంప్యూటర్ ముందు. జులైఖాని! మూడేళ్ళుగా నా వెనక టీ పట్టుకుని నిలబడి అంతా నేర్చేసుకుందట. చివరి ట్యాంకు ఆమే పేల్చింది. ఖీవా వాళ్ళు పలావు వండారు. సిగ్గు విడిచి రెండు పళ్ళాలు తిన్నాను.

ఆగస్టు 25

సెప్టెంబరు 14న మళ్ళీ ఆట. నా చోటు తిరిగిమ్మని జులైఖాని అడిగాను.

"ఆరిపోకుండా గంట ఆడి చూపించండి. అప్పుడు ఆలోచిస్తాను."

మామయ్యగారు కూడా కొట్టుకు వస్తారట. చేతులు జేబుల్లోంచి తీయనని మాటిచ్చారు.

తీర్మానం, కొత్తగా:
1. 650 వాట్లు. లెక్క మళ్ళీ కట్టకూడదు.
2. వీడియోలు చూడకూడదు.
3. ఎవరి మాటా వినకూడదు. ఈ నియమం రాయమని మామయ్యగారు చెప్పారు, రాశాను.