ఇంత పన్నెందుకు?

తమ్ముడూ, కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. చొక్కా ఉతకబోతే జేబులో నీ పే స్లిప్ దొరికింది. ఏడాదంతా జీతం తీసుకున్నవాడికి కోసినట్టు కోశారు పన్ను. సగం ఏడాది ఇంట్లోనే ఉన్నావుగా? నిన్న జీతం ఎంతొచ్చిందంటే భుజాలు తడుముకున్నావు, అప్పుడే నాకు అనుమానమొచ్చింది. పాత ఉద్యోగం పోయిన సంగతి కొత్త ఆఫీసులో దాచి, మొన్నటిదాకా అక్కడే జీతం తీసుకున్నానని చెప్పావు, అవునా? పరువుకి కూడా పన్ను కడతారట్రా ఎవరైనా? రేపు అకౌంట్స్ ఆయనకి నిజం చెప్పు. ఎక్కువ కోసింది వెనక్కొస్తుంది. నేను సాయంత్రం అడుగుతాను, మాట దాటేయకు.
అక్క

ఇంకోటి. తుంటి విరిగిన అమ్మని ఆ నెలలన్నీ చెయ్యి పట్టుకుని మళ్ళీ నడిపించింది నువ్వే. అకౌంట్స్ ఆయన అడిగితే ఖాళీగా ఉన్నానని మాత్రం చెప్పకు.